డాగ్‌ఫిష్ సొరలు: పేరొకటే, కుటుంబాలు నాలుగు

డాగ్‌ఫిష్ అని పిలిచే సొరచేపల్లో ఒకటి తోలు సంచి లాంటి గట్టి తొడుగులో గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. ఇంకొకటి దాదాపు రెండేళ్లు పిల్లల్ని కడుపులో మోస్తుంది. మరొకటి క్షీరదాల తరహాలో మావి ఏర్పరచుకుని దాని ద్వారా పిల్లలకు ఆహారం అందిస్తుంది. పిల్లల్ని కనే పద్ధతిలోనే ఇంత తేడా ఉన్న జీవులు దగ్గరి చుట్టాలేనా అన్న అనుమానం రావడం సహజం. ఆ అనుమానం సరైనదే. ఇవి వేర్వేరు కుటుంబాలవి, అవి కూడా సొరల వంశంలో రెండు వేర్వేరు శాఖలవి.

ఈ తికమక వల్ల నష్టం ఉంది. ప్రయోగశాలలో కోసి చూసిన డాగ్‌ఫిష్, పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసిన డాగ్‌ఫిష్ ఒకే చేప కాకపోతే, పుస్తకంలో చెప్పిన ముల్లు బల్ల మీది చేపకు ఉండదు. చేపకున్న రెక్క పుస్తకంలో ఉండదు. చేపలవేట లెక్కల్లో ‘డాగ్‌ఫిష్‌లు’ అన్న ఒక్క గడిలో పలు జాతుల బరువు కలిసిపోతే, అందులో ఏ జాతి తగ్గిపోతోందో ఎవరికీ కనిపించదు.

ఈ పేరు ఏయే చేపలకు పడింది

మొదటిది ముళ్ల డాగ్‌ఫిష్. శాస్త్రీయనామం స్క్వాలస్ అకాంథియాస్. కుటుంబం స్క్వాలిడే, క్రమం స్క్వాలిఫార్మిస్. శాస్త్రజ్ఞులు ఏ విశేషణమూ లేకుండా డాగ్‌ఫిష్ అంటే చాలాసార్లు దీన్నో, దీని క్రమాన్నో ఉద్దేశిస్తారు.

రెండోది చుక్కల డాగ్‌ఫిష్, సైలియోరైనస్ కానిక్యులా. ఇది క్యాట్‌షార్క్‌ల కుటుంబంలోది. మూడోది స్మూత్ డాగ్‌ఫిష్, మస్టీలస్ కానిస్. దీని కుటుంబం ట్రయాకిడే. నాలుగోది మన జంతుశాస్త్ర పాఠాల్లో డాగ్‌ఫిష్‌గా కనిపించే స్కోలియోడాన్. కుటుంబం కార్కరైనిడే. ఈ చివరి మూడు కుటుంబాలూ కార్కరైనిఫార్మిస్ అనే మరో క్రమంలోవి. పులిసొర, సుత్తితల సొర ఉండేది కూడా ఆ క్రమంలోనే. ఉత్తర అమెరికా మంచినీళ్లలో బతికే బోఫిన్ అనే ఎముకల చేపను కూడా కొన్నిచోట్ల డాగ్‌ఫిష్ అంటారు. అది సొరే కాదు కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

శాస్త్రీయ నామాలు కూడా మొదట్లో ఈ గందరగోళాన్ని విడదీయలేదు. 1758లో జీవుల వర్గీకరణకు పునాది వేసిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ తనకు తెలిసిన సొరలన్నిటినీ స్క్వాలస్ అన్న ఒకే ప్రజాతిలో పెట్టాడు. తెల్ల సొర, సుత్తితల సొర, చుక్కల డాగ్‌ఫిష్ అన్నీ అప్పట్లో స్క్వాలస్‌లే. తర్వాతి తరాలు ఒక్కొక్కదాన్నీ బయటికి తీసి వేరే ప్రజాతుల్లో చేర్చుకుంటూ రాగా, ఆ పాత పేరు ముళ్ల డాగ్‌ఫిష్‌కూ దాని దగ్గరి జాతులకూ మాత్రం మిగిలింది.

జాతి నుంచి క్రమం దాకా

వర్గీకరణలో అన్నిటికన్నా చిన్న మెట్టు జాతి. దగ్గరి జాతులు కలిస్తే ప్రజాతి, ప్రజాతులు కలిస్తే కుటుంబం, కుటుంబాలు కలిస్తే క్రమం. సొరలు, టేకి చేపలు, వాటికి దూరపు చుట్టాలైన కైమీరాలు అన్నీ మృదులాస్థి చేపల తరగతిలోవి. వీటి అస్థిపంజరంలో మన ముక్కు కొసలో, చెవి దొప్పలో ఉండే లాంటి మెత్తటి పదార్థమే ఉంటుంది, దాని మీద అక్కడక్కడా సున్నపు పొర పేరుకుని గట్టిపడుతుంది.

సొరలు రెండు పెద్ద శాఖలు: స్క్వాలోమార్ఫ్‌లు, గేలియోమార్ఫ్‌లు. జురాసిక్ కాలం మొదటి భాగానికే ఈ రెండూ వేరుగా ఉన్నాయని శిలాజాలు చెబుతున్నాయి. ముళ్ల డాగ్‌ఫిష్ మొదటి శాఖలోది, మిగతా మూడూ రెండో శాఖలోవి. చూడ్డానికి చిన్నపాటి సన్నటి సొరలుగా ఒక తీరున అనిపించినా, వంశవృక్షంలో చుక్కల డాగ్‌ఫిష్‌కు ముళ్ల డాగ్‌ఫిష్ కన్నా తెల్ల సొరే దగ్గర.

ముళ్ల డాగ్‌ఫిష్: తల నుంచి తోక దాకా

శరీరం సన్నగా, పొడవుగా ఉంటుంది. మూతి మొనదేలి ఉంటుంది. వీపు పలక బూడిదరంగు, పొట్ట తెలుపు, పక్కల వెంట విడివిడిగా తెల్ల చుక్కలు. ఎక్కువగా మీటరుకు అటూ ఇటుగా పెరుగుతుంది. ఆడవి మగవాటికన్నా పెద్దవి.

కన్ను పెద్దది, కోలగా ఉంటుంది. కార్కరైనిఫార్మిస్ సొరల్లో కంటి కింది రెప్ప దగ్గర కదిలే పొర ఉంటుంది, దీనికి అది లేదు. కంటి వెనకే శ్వాసరంధ్రం ఉంటుంది. చేప అడుగున కదలకుండా ఉన్నప్పుడు ఈ రంధ్రం గుండా నీరు లోపలికి వెళ్లి మొప్పల మీదుగా బయటికొస్తుంది. దాని వెనక ఐదు మొప్ప చీలికలు, ఐదూ ఉరః రెక్క (తల వెనక పక్కలకు చాచి ఉండే జంట రెక్కల్లో ఒకటి) మొదలుకు ముందే ఉంటాయి. ఆరు గానీ ఏడు గానీ ఉంటే అది చాలావరకు హెక్సాంకిఫార్మిస్ అనే మరో క్రమం.

పళ్లు చూస్తే జాగ్రత్తగా అమర్చిన రంపంలా ఉంటాయి. ఒక్కో పన్నుకు ఒకే మొన, అది కూడా నిటారుగా కాకుండా దవడ మూల వైపు వాలి ఉంటుంది. పక్కపక్క పళ్ల మొదళ్లు ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కి, మొత్తం వరుస ఒకే కత్తి అంచులా పనిచేస్తుంది. పైదవడ, కిందదవడ రెండింటిలోనూ ఇదే తీరు. స్క్వాలిఫార్మిస్‌లోని చాలా ఇతర కుటుంబాల్లో పైపళ్లు సూదుల్లా, కిందిపళ్లు కత్తుల్లా ఉంటాయి. అందుకే నోరు తెరిచి రెండు దవడలూ పోల్చి చూడటం కుటుంబాన్ని తేల్చడానికి బాగా పనికొస్తుంది.

వీపు మీద రెండు రెక్కలు, ఒక్కో రెక్క ముందు ఒక్కో ముల్లు. మొదటి రెక్క పెద్దది, రెండోది చిన్నది. పొట్ట వైపు చూస్తే జంటగా శ్రోణి రెక్కలు, వాటి మధ్య అవస్కర రంధ్రం, అంటే మలమూత్రాలు, పిల్లలు బయటికొచ్చే ద్వారం. అక్కడి నుంచి తోక దాకా ఏ రెక్కా ఉండదు. ఆ చోట నడిగీత మీద ఒంటరిగా ఉండాల్సిన రెక్కను పాయు రెక్క అంటారు. అది లేకపోవడం ఈ క్రమానికంతటికీ గుర్తు. తోక మొదట్లో రెండు పక్కలా చేతికి తగిలే సన్నటి గట్టు ఉంటుంది. తోక పై తమ్మె చివర చాలా సొరల్లో కనిపించే గాటు ఈ చేపకు ఉండదు.

లోపల చూస్తే అన్నిటికన్నా పెద్ద అవయవం కాలేయం. సొరలకు గాలి తిత్తి లేదు, నూనెతో నిండిన కాలేయమే నీటిలో తేలడానికి సాయపడుతుంది. స్క్వాలీన్ అన్న నూనె పదార్థం పేరు ఈ చేపల నుంచి వచ్చింది కదా అని ముళ్ల డాగ్‌ఫిష్ కాలేయం నిండా అదే ఉంటుందనుకుంటారు. అది సరికాదు. స్క్వాలీన్ దండిగా ఉండేది లోతు సముద్రపు గల్పర్ సొరల కాలేయంలో. ముళ్ల డాగ్‌ఫిష్ నూనెలో ప్రధానంగా ఉండేవి ట్రైగ్లిజరైడ్లు, ఈథర్ రకం కొవ్వులు.

పేగు చివర వేలి ఆకారంలో చిన్న గ్రంథి ఒకటి వేలాడుతుంటుంది. దాని పనేమిటో 1960లో తేలింది. రక్తంలో ఉన్నదానికి దాదాపు రెండింతల గాఢతతో ఉప్పునీటిని అది బయటికి పంపుతుంది. శరీరంలో ఉప్పు మోతాదు మించకుండా చూసే ఆ గ్రంథి, కణాలు క్లోరైడ్‌ను ఎలా తోడిపోస్తాయో తెలుసుకోవడానికి శరీరధర్మ శాస్త్రజ్ఞులకు ఎంతో అక్కరకొచ్చింది.

ఆ ముల్లు కథ

రెక్క ముందు అంచుకు ఆనుకుని చర్మంలోంచి పైకి లేచే ఈ ముల్లుకు నడుమ మృదులాస్థి కడ్డీ, దాని చుట్టూ పళ్లలో ఉండే డెంటిన్ అనే గట్టి పదార్థం, ముందు వైపు పింగాణీలా మెరిసే పొర ఉంటాయి. ముల్లు వెనక భాగంలో మొదలు దగ్గర ఉండే కణజాలంలో తేలికపాటి విషం ఉంటుంది. చేపను పట్టుకుంటే అది విల్లులా వంగి వీపు ముల్లుతో పొడవడానికి చూస్తుంది. గాయం నొప్పి పెడుతుంది, వాస్తుంది. పుట్టబోయే పిల్లల ముళ్ల కొసలకు మాత్రం మెత్తటి బొడిపెలు కప్పి ఉంటాయి, తల్లి గర్భాశయం చీరుకుపోకుండా.

ముల్లు మీది పొరలో ఏటా ఒక చార ఏర్పడుతుంది. ఎముకల చేపల వయసును చెవిలోని రాళ్లలో చదివినట్టు దీని వయసును ముల్లులో చదువుతారు, సాధారణంగా రెండో ముల్లులో. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. చేప పెరిగే కొద్దీ ముల్లు కొస అరిగిపోతుంది, తొలి ఏళ్ల చారలు ఆ కొసలోనే ఉంటాయి. కనిపించిన చారలు మాత్రమే లెక్కిస్తే ముసలి చేప వయసు తక్కువగా వస్తుంది. అందుకే ముల్లు అరగని చిన్న చేపల్లో, చార ఏర్పడ్డ చోట ముల్లు ఎంత మందం ఉందో ముందుగా కొలిచి పెట్టుకుంటారు. ముసలి చేప ముల్లులో అరుగుదల ఆగిన చోట మందం చూసి, పోయిన చారలెన్నో అంచనా వేసి కలుపుతారు. ఏటా ఒకే చార వస్తుందన్న సంగతిని రెండు దారుల్లో సరిచూశారు: ముల్లులో గుర్తు మిగిల్చే ఆక్సీటెట్రాసైక్లిన్ అనే మందు ఎక్కించి వదిలిన చేపల్ని మళ్లీ పట్టడం ఒకటి, అణుబాంబు పరీక్షల వల్ల సముద్రంలో పెరిగిన రేడియోకార్బన్ (రేడియోధార్మిక కార్బన్) జాడను ముల్లులో వెతకడం రెండోది.

ఆ లెక్కలు బయటపెట్టిన తేడా చిన్నది కాదు. వాయవ్య అట్లాంటిక్‌లో ఆడ చేపలు సుమారు 12 ఏళ్లకు గర్భం దాల్చే వయసుకు వస్తే, ఈశాన్య పసిఫిక్‌లో దానికి సుమారు 35 ఏళ్లు పడుతుంది. అంత నెమ్మదిగా ఎదిగే జీవి గర్భం 22 నుంచి 24 నెలలు. మొదటి నెలల్లో కొన్ని గుడ్లు కలిపి ఒకే పలచటి తొడుగులో, కొవ్వొత్తి ఆకారంలో ఉంటాయి. తర్వాత ఆ తొడుగు కరిగి, ఒక్కో పిల్లా తన పచ్చసొన సంచితోనే పెరుగుతుంది. మావి ఉండదు.

మిగతా మూడు ఎలా ఉంటాయి

చుక్కల డాగ్‌ఫిష్‌కు ముళ్లు లేవు, పాయు రెక్క ఉంది. వీపు రెక్కలు రెండూ బాగా వెనక్కి జరిగి, మొదటిది శ్రోణి రెక్కల మొదలు కన్నా వెనక నుంచి మొదలవుతుంది. ఒళ్లంతా చిన్న ముదురు చుక్కలు. తోలు తొడుగులోని గుడ్డును దాని మూలల నుంచి వేలాడే తీగలతో సముద్రపు నాచుకు చుట్టి పెడుతుంది. దీనికి బాగా దగ్గరి పోలికలున్న సైలియోరైనస్ స్టెల్లారిస్‌తో తేడా తెలియాలంటే తల తిప్పి ముక్కు కింద చూడాలి. కానిక్యులాలో ముక్కు మీది చర్మపు మడతలు నోటి అంచు దాకా వస్తాయి, స్టెల్లారిస్‌లో అంత దూరం రావు, మధ్యలో ఎడం ఉంటుంది.

స్మూత్ డాగ్‌ఫిష్‌కు కూడా ముళ్లు లేవు. వీపు రెక్కలు రెండూ పెద్దవే, దాదాపు సమానం. పళ్లు బండలు పరిచినట్టు చదునుగా ఉంటాయి, పీతల పెంకు నలగ్గొట్టడానికి. మావి ద్వారా పిల్లల్ని పోషించే సొర ఇది. స్కోలియోడాన్ మూతి చదునుగా, పార ఆకారంలో ఉంటుంది. శ్వాసరంధ్రం ఉండదు. గుడ్డు మిల్లీమీటరు ప్రాంతం, సొరల్లో బాగా చిన్నది. అందులో పచ్చసొన నామమాత్రం కాబట్టి పిల్ల పెరుగుదలంతా మావి మీదే ఆధారపడుతుంది.

మూడు చేపలు, మూడు తీర్పులు

బల్ల మీద 78 సెంటీమీటర్ల బూడిదరంగు సొర ఉందనుకుందాం. పక్కల తెల్ల చుక్కలు. మొప్ప చీలికలు ఐదు. వెల్లకిలా తిప్పితే అవస్కరం నుంచి తోక దాకా నున్నగా ఉంది, పాయు రెక్క లేదు. రెండో వీపు రెక్క ముందు ముల్లు ఉంది, మొదటి రెక్క ముందు విరిగిన మొదలు తగులుతోంది. ముల్లు మీద నిలువు గాడి లేదు. తోక మొదట్లో పక్క గట్లు ఉన్నాయి, పై తమ్మెలో గాటు లేదు. గట్లు ఉండి గాటు, గాడి లేకపోవడంతో గల్పర్ సొరలు, లాంతరు సొరలు పక్కకు తప్పుకుంటాయి, స్క్వాలస్ మిగులుతుంది. తెల్ల చుక్కలతో అకాంథియాస్ గుంపు అని తేలుతుంది.

రెండో చేప 90 సెంటీమీటర్లు. ఇదీ బూడిదరంగే, దీనికీ తెల్ల చుక్కలే. కానీ ముళ్లు లేవు, పాయు రెక్క ఉంది, పళ్లు చదును. ఇది మస్టీలస్ ఆస్టీరియాస్. రంగు చూసి తీర్పు చెప్పినవాళ్లు మొదటి చేపతో కలిపేస్తారు. చుక్కలు మస్టీలస్ ప్రజాతి లోపల కూడా మోసం చేస్తాయి. ఈశాన్య అట్లాంటిక్‌లో చుక్కలు లేవని మస్టీలస్ మస్టీలస్ అనే మరో జాతిగా రాసుకున్న చేపలకు డీఎన్‌ఏ పరీక్ష చేస్తే అవి ఆస్టీరియాసే అని 2009లో తేలింది.

మూడో చేపకు వీపు రెక్కల ముందు రెండు బలమైన ముళ్లు. ఇంకేం, డాగ్‌ఫిష్ అనాలనిపిస్తుంది. వెల్లకిలా తిప్పితే పాయు రెక్క ఉంది. ఇది హెటెరోడాంటస్, అంటే బుల్‌హెడ్ సొర, గేలియోమార్ఫ్ శాఖలోది. ముళ్లు ఉండటం, పాయు రెక్క లేకపోవడం రెండూ కలిసి కనిపిస్తేనే స్క్వాలిఫార్మిస్ అనడం భద్రం.

ఎక్కువగా జరిగే పొరపాట్లు ఇంకొన్ని ఉన్నాయి. శ్రోణి రెక్కను పాయు రెక్క అనుకోవడం మొదటిది. శ్రోణి రెక్కలు ఎప్పుడూ జంటే, పాయు రెక్క ఒంటరి. మగ చేపలో శ్రోణి రెక్కల లోపలి అంచున జతకట్టడానికి వాడే గొట్టాల్లాంటి క్లాస్పర్లు కూడా ఉంటాయి. వల నుంచి తీసేటప్పుడు ముళ్లు విరిచేస్తారు కాబట్టి కంటికి కనిపించలేదని లేవనకూడదు, వేలితో తడిమి చూడాలి. ఫార్మలిన్‌లో ఉంచిన నమూనాల్లో, పెద్ద వయసు చేపల్లో చుక్కలు వెలిసిపోతాయి. పొడవు విషయంలో తోకను సహజంగా వదిలి కొలిచారా, వెనక్కి సాగదీసి కొలిచారా అన్నది రాయకపోతే రెండు చోట్ల కొలతలు పోల్చడానికి పనికిరావు.

క్రమం లోపల ఎన్ని తీర్లు

స్క్వాలిఫార్మిస్‌లో వందకు పైగా జాతులున్నాయి, ఎక్కువ భాగం లోతు నీళ్లలోవి. లాంతరు సొరల పొట్ట మీద వెలుగునిచ్చే కణాలు ఉంటాయి. వాటిలో ఎట్మాప్టెరస్ పెర్రీ సుమారు 20 సెంటీమీటర్లకే ఎదుగుదల పూర్తి చేసుకుంటుంది. అదే క్రమంలోని గ్రీన్‌లాండ్ సొర 6 మీటర్లు దాటుతుంది. దానికి ముళ్లు లేవు కాబట్టి వయసు లెక్కకు కంటి కటకంలోని రేడియోకార్బన్‌ను ఆశ్రయించారు. 2016లో ప్రచురించిన ఆ లెక్కలో, పరిశీలించినవాటిలో అతి పెద్ద ఆడ సొర వయసు 392 ఏళ్లు, అటూ ఇటూ 120 ఏళ్లు అని వచ్చింది.

కైట్‌ఫిన్ సొరకూ ముళ్లు లేవు. స్క్వాలియోలస్ అనే చిట్టి సొరకు మొదటి రెక్క ముందు మాత్రమే ముల్లుంటుంది. స్లీపర్ సొరల కుటుంబంలో కొన్నింటికి ముళ్లు చర్మంలో కూరుకుపోయి కొస మాత్రమే బయటికొస్తుంది. ముల్లు లేకపోతే డాగ్‌ఫిష్ క్రమం కాదన్న సూత్రం ఇక్కడ పనిచేయదు. పాయు రెక్క లేకపోవడం మాత్రం అన్నిటికీ వర్తిస్తుంది. అయితే రంపపు సొరలకూ, ఏంజెల్ సొరలకూ కూడా ఆ రెక్క ఉండదు. రంపం లాంటి మూతి, టేకి చేపలా పరుచుకున్న ఒళ్లు చూసి వాటిని వేరు చేయడం కష్టం కాదు.

ఇంకా తేలని విషయాలు

ఒంటి మీద ముళ్ల బొడిపెలున్న ఎకినోరైనస్ సొరల్ని కొందరు స్క్వాలిఫార్మిస్‌లోనే ఒక కుటుంబంగా ఉంచుతారు, వాటికీ పాయు రెక్క లేదు గనక. ఇంకొందరు వాటికి వేరే క్రమం ఇస్తారు. పళ్ల తీరు, రెక్కల అమరిక, డీఎన్‌ఏ పోలికలు వీటిని మిగతావాటి పక్కన నిలబెట్టవన్నది వాళ్ల వాదన. ఇటీవలి పుస్తకాలు రెండో దారినే ఎక్కువగా పడుతున్నాయి.

పెద్ద వాదన టేకి చేపల గురించి జరిగింది. 1990లలో అస్థిపంజరాన్ని, కండరాల్ని నిశితంగా పోల్చిన పరిశోధకులు టేకి చేపలు రంపపు సొరలకు దగ్గరి చుట్టాలనీ, డాగ్‌ఫిష్‌లున్న శాఖలోంచే పుట్టాయనీ ప్రతిపాదించారు. ఆ పోలికలు నిజంగానే ఉన్నాయి, ఊహించినవి కావు. కానీ తర్వాత వచ్చిన డీఎన్‌ఏ అధ్యయనాలు టేకి చేపల్ని సొరలన్నిటికీ బయట, సోదర శాఖగా నిలబెట్టాయి. అడుగున పరుచుకుని బతకడం వల్ల రెండు వంశాల్లో ఒకే తీరు శరీరం విడివిడిగా రూపొందిందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

జాతుల స్థాయిలోనూ మార్పులు ఆగలేదు. ఉత్తర పసిఫిక్ ముళ్ల డాగ్‌ఫిష్‌ను 19వ శతాబ్దంలో స్క్వాలస్ సక్లీ అన్నారు, తర్వాత అకాంథియాస్‌లో కలిపేశారు. 2010లో శరీర కొలతలు, వెన్నుపూసల లెక్క, డీఎన్‌ఏ చూసి మళ్లీ వేరు చేశారు. పైన చెప్పిన 12 ఏళ్లు, 35 ఏళ్ల తేడా ఇప్పుడు రెండు జాతుల మధ్య తేడాగా అర్థమవుతోంది. 2018లో గల్ఫ్ ఆఫ్ మెక్సికో, పశ్చిమ అట్లాంటిక్ చేపలకు స్క్వాలస్ క్లార్కే అన్న కొత్త పేరు వచ్చింది. అంతకుముందు వాటిని మిత్సుకురీ అనేవారు.

వేట నియమాల్లో ఈ తేడాల బరువు

ముళ్ల డాగ్‌ఫిష్ వేటలో పెద్ద చేపల్ని ఏరుకుంటే పోయేవి ఆడవే, పెద్దగా పెరిగేది అవే కాబట్టి. అమెరికా తూర్పు తీరంలో 1998లో ఈ చేపను అతిగా వేటాడినట్టు ప్రకటించారు, 2010 నాటికి కోలుకుందన్నారు. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చాలన్న ప్రతిపాదనలు 2007లో, 2010లో వీగిపోయాయి. ఈశాన్య అట్లాంటిక్‌లో యూరోపియన్ యూనియన్ 2010 నుంచి వేట పరిమితిని సున్నా చేసింది. 2023లో మళ్లీ తెరిచినప్పుడు 100 సెంటీమీటర్లు మించినవాటిని పట్టకూడదన్న నియమం పెట్టారు. మామూలుగా వేట నియమాలు చిన్న చేపల్ని కాపాడతాయి. ఇక్కడ మాత్రం ఎక్కువ పిల్లల్ని కనే పెద్ద ఆడ చేపల్ని కాపాడటం అవసరమైంది.

స్మూత్ డాగ్‌ఫిష్‌కు వర్తించే నియమం వేరు. అమెరికాలో 2010 నాటి సొరల సంరక్షణ చట్టం ప్రకారం సొరల రెక్కలు ఒంటికి అతుక్కునే ఒడ్డుకు రావాలి. మస్టీలస్ కానిస్‌కు మాత్రం తీరం నుంచి 50 నాటికల్ మైళ్ల లోపు షరతులతో మినహాయింపు ఉంది, సముద్రంలోనే రెక్కలు కోయవచ్చు. అయితే రెక్కల బరువు శుభ్రం చేసిన చేప బరువులో 12 శాతం మించకూడదు. పడవలో శుభ్రం చేసిన చేప 100 కిలోలుంటే రెక్కలు 12 కిలోలు మించకూడదన్న మాట. తనిఖీకి వచ్చినవాళ్ల ముందున్నది కోసిన రెక్కల కుప్ప. అందులో ముల్లు ఉన్న వీపు రెక్క ఒక్కటి కనిపించినా అది మస్టీలస్‌ది కాదని అక్కడికక్కడే చెప్పవచ్చు. ముల్లు లేని రెక్క మాత్రం ఎన్నో సొరలది కావచ్చు. అలాంటప్పుడు రెక్క నుంచి చిన్న ముక్క కోసి డీఎన్‌ఏ పరీక్షకు పంపాల్సిందే.